ఆమె ఆ రైలెందుకు ఎక్కదు?

ప్రయాణికులు రైలును ఎంచుకునేటప్పుడు ఏం చూస్తారని అడిగితే సాధారణంగా వినిపించే జవాబులు మూడు: ఛార్జీ, వేగం, సౌకర్యం. ఇవి తప్పు కావు. అయితే ఇవి స్టేషన్లో మొదలై స్టేషన్లో ముగిసే ప్రయాణానికే సరిపోతాయి. స్త్రీ ప్రయాణం ఇంటి గడప దగ్గర మొదలై, మళ్ళీ ఆ గడప తొక్కితేగానీ పూర్తికాదు.

పెదపారుపూడి నుంచి గుడివాడ జంక్షన్‌కు వచ్చి రైలెక్కే స్త్రీనే తీసుకుందాం. రైలెంత వేగంగా వెళుతుందన్నది ఆమె మొదటి ప్రశ్న కాదు. తిరుగు రైలు దిగేసరికి ఊరికి బస్సుంటుందా? ప్లాట్‌ఫారం మీద దీపాలు వెలుగుతాయా? మరుగుదొడ్డి వాడుకునేలా ఉంటుందా? వంట వేళకు ఇల్లు చేరగలనా? వీటికి జవాబు దొరకనప్పుడు ఆమె ప్రయాణమే మానుకుంటుంది. మానుకున్న ప్రయాణం ఏ లెక్కలోకీ రాదు.

ఛార్జీ మాటా అంతే. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిన ప్యాసింజర్ రైళ్ళు తిరిగి వచ్చినప్పుడు కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. అది మళ్ళీ తగ్గడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. 58 ఏళ్ళు నిండిన స్త్రీలకు అంతకుముందున్న 50 శాతం రాయితీని 2020లోనే తీసేశారు. కుటుంబంలో ఎవరి ప్రయాణం అవసరం, ఎవరిది అనవసరం అని తేల్చేటప్పుడు ఈ భారం మొదట ఎవరిమీద పడుతుందో మనకు తెలుసు.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితమైంది. ఆ బస్సెక్కిన స్త్రీని చూసి, ఆమెకు రైలు అక్కరలేదని తేల్చడం అన్యాయం. చేతిలో డబ్బు లేనివారు చేసే ఎంపికను ఇష్టంగా లెక్కగట్టకూడదు. ఎక్కేవారు లేరన్న సాకుతో రైళ్ళను తగ్గిస్తే నష్టపోయేదీ వీరే.

1989 రైల్వే చట్టం 58వ సెక్షన్ ప్రయాణికుల రైళ్ళలో స్త్రీలకు ప్రత్యేక చోటు కేటాయించాలంది. టిక్కెట్ లేకపోయినా, మగతోడు లేని స్త్రీని ఎక్కడపడితే అక్కడ దించకూడదనీ, దించితే పగటిపూటే దించాలనీ 139వ సెక్షన్ చెబుతోంది. స్త్రీ ఎక్కడ, ఏ వేళ దిగుతుందన్నది ముఖ్యమని చట్టానికి తెలుసు. టైంటేబుల్ తయారుచేసేవారికి మాత్రం తెలియదు.

అందుకే రైలెక్కే స్త్రీలనే కాదు, ఎక్కని స్త్రీలనూ అడగాలి. డ్వాక్రా సంఘాల్లో, కాలేజీల్లో, ఆసుపత్రుల దగ్గర ఆ పని మనమే మొదలుపెట్టవచ్చు. వచ్చిన జవాబులను డివిజన్ స్థాయి ప్రయాణికుల సలహా సంఘాల ముందుంచుదాం. రైలు వేళకు బస్సు, వెలుగున్న ప్లాట్‌ఫారం, శుభ్రమైన మరుగుదొడ్డి — వీటిని సౌకర్యాలుగా కాక, ప్రయాణించే హక్కులో భాగంగా అడుగుదాం.