దొంగ టోన్లతో అసలుకే ముప్పు

అప్పులిస్తాం, ప్లాట్లు అమ్ముతాం అంటూ వేళాపాళా లేకుండా మోగే కాల్స్‌తో జనం విసిగిపోయారు. ఆ విసుగులోంచి పుట్టిందే ఒక ఉపాయం. ‘ఈ నంబరు వాడుకలో లేదు’ అని తెలిపే మూడు టోన్లను వాయిస్ మెయిల్ పలకరింపు మొదట్లో పెట్టుకోవడం, లేదా కాల్స్‌ను మనుగడలో లేని నంబరుకు మళ్లించడం. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పాఠకులకు మా హెచ్చరిక ఒక్కటే: ఈ పని చేయకండి.

సుమారు 950, 1400, 1800 హెర్ట్జ్‌ల ఆ మూడు స్వరాలు అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన సంకేతం. 2000ల మొదట్లో అమెరికాలో టెలిజాపర్ అనే పరికరం ఇలాంటి స్వరాన్నే వినిపించి, తానే నంబర్లు నొక్కే ఆటోడయలర్ యంత్రాలను ఏమార్చేది. కానీ నేటి డిజిటల్ నెట్‌వర్కుల్లో కాల్ ఎత్తిన సంగతి శబ్దంతో పనిలేకుండా డేటాగా వెళ్తుంది. పలకరింపు మొదలయ్యేసరికే కాల్ కలిసినట్టు యంత్రానికి తెలిసిపోతుంది. మోసపోయేది ఎక్కువగా మనిషే.

ఆ మనిషి ఎవరు? ఊరి దారి తెలియక తిరిగి ఫోన్ చేసే 108 అంబులెన్స్ సిబ్బంది కావచ్చు. రక్తం కావాలని దాత కోసం వెతుకుతున్న ఆసుపత్రి కావచ్చు. పులిచింతల గేట్లు ఎత్తినప్పుడు అచ్చంపేట, అమరావతి మండలాల లోతట్టు ఊళ్లను అప్రమత్తం చేసే రెవెన్యూ ఉద్యోగి కావచ్చు. నంబరు లేదని విన్నవారు మళ్లీ ప్రయత్నించరు. ఆపదలో పోయిన ఆ నిమిషాలు తిరిగి రావు.

కాల్ మళ్లింపుతో మరో చిక్కుంది. మోసగాళ్లు ఏదో కోడ్ నొక్కించి, కాల్స్‌ను తమ నంబరుకు మళ్లించుకుని, కాల్‌లో వినిపించే ఓటీపీలు కాజేశారు. అందుకే కేంద్ర టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి అలాంటి కోడ్‌లతో మళ్లించే సేవను నిలిపివేయాలని ఆదేశించింది. మీ ఫోన్ సెట్టింగుల్లో తెలియని మళ్లింపు ఉంటే వెంటనే తీసేయండి.

సరైన దారులున్నాయి. 1909 నంబరు ద్వారా నమోదైతే ప్రచార కాల్స్‌ను నిరోధించవచ్చు. మోసపు కాల్స్‌పై టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’లో, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. జనాన్ని ఈ ఉపాయాల వైపు నెట్టింది నియంత్రణలోని అలసత్వమే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలికాం కంపెనీలు నమోదు లేని ప్రచారకర్తల లైన్లను నిర్దాక్షిణ్యంగా కోసేయాలి. దొంగ టోన్లు పెట్టుకున్నవారు మాత్రం అంతవరకు ఆగకుండా ఈరోజే వాటిని తొలగించాలి.