అలలు చూపి అప్పు అంటగడుతున్నరు

ఉద్యోగి చేతికి జీవితంల ఒక్కసారే పెద్ద పైకం వస్తది. రిటైరైన నాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ అన్నీ కలిపి బ్యాంకుల పడంగనే ఎక్కడెక్కడి చుట్టాలో యాదికొస్తరు. నాకు మాత్రం విశాఖపట్నంల నౌకరీ చేసే మా మేనల్లుడే ఫోన్ చేసిండు. "మామా, భీమిలి రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నయి. సముద్రం ముంగటనే. నేను లోన్ తీసుకుంట, నువ్వు అడ్వాన్సుకు సాయం చెయ్. ఇప్పుడు కొనకుంటే ఇగ జన్మల కొనలేం" అన్నడు.

భద్రకాళి చెరువు కట్ట మీద గాలి పీల్చుకుంట పెరిగినోన్ని. సముద్రం అంటే నాకూ ఆశనే. కాజీపేటల గోదావరి ఎక్కిన.

రెండు రోజుల్ల మూడు చోట్ల చూసినం. మూడు చోట్లా ఒకటే తంతు. ముందు ఏసీ గదిల చల్లటి నీళ్లు, తర్వాత అద్దాల పెట్టెల బొమ్మ అపార్ట్‌మెంట్, ఆ తర్వాత లిఫ్టుల పైకి. మోడల్ ఫ్లాట్‌ల పరుపులు, పరదాలు, డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ పండ్లు. ఆఖరికి బాల్కనీ తలుపు తెరుస్తరు. ఎదురుంగ నీలం నీళ్లు. ఆ ఒక్క నిమిషంల మనిషి లెక్కలు మర్చిపోతడు. వాళ్ల యాపారమంతా ఆ నిమిషం మీదనే నడుస్తున్నది.

నేను కిందికి చూసిన. మా బిల్డింగుకు, సముద్రానికి నడుమ ఖాళీ జాగ ఉన్నది. చుట్టూ ప్రహరీ కట్టి ఉన్నది. "ఆ జాగ ఎవరిది బిడ్డా?" అని సేల్స్ పిలగాన్ని అడిగిన. "ప్రైవేటు ల్యాండ్ సార్. అక్కడేమీ రాదండీ" అన్నడు. "రాదని అగ్రిమెంట్ల రాసిస్తరా?" అన్న. పిలగాడు నవ్వి ఊకున్నడు. సీ వ్యూ పేరు మీద అడుగుకింత అదనంగ తీసుకుంటరు, అంతస్తు పెరిగినకొద్దీ ఇంకింత కలుపుతరు. కానీ ఆ సముద్రం రేపు కనబడకపోతే పైసలు వాపస్ ఇస్తమని ఏ కాయితంల రాయరు.

రెండో లెక్క అడుగులది. బ్రోచర్ల 1,500 చదరపు అడుగులని ఉన్నది. లోపల తిరిగితే అంత లేదు. మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్ అన్నిట్ల మన వాటా కలిపి చెప్పిన సంఖ్య అది. 2016ల వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏందో స్పష్టంగ చెప్పింది. గడప లోపల వాడుకునే నేల, లోపలి గోడలు మాత్రమే లెక్కకొస్తయి. బయటి గోడలు రావు. బాల్కనీ కూడ రాదు. అంటే ఏ బాల్కనీని చూపించి ఫ్లాటు అమ్ముతున్నరో, ఆ బాల్కనీ చట్టం లెక్కల ఇంటి నేలనే కాదు!

మూడో లెక్క అప్పుది. ఫ్లాటు ధర 80 లక్షలన్నరు. 20 మనం కట్టి 60 లక్షల లోన్ తీసుకుంటే, 8.5 శాతం వడ్డీకి 20 ఏండ్లకు నెలకు 52 వేల చిల్లర కిస్తు. 20 ఏండ్లల్ల బ్యాంకుకు కట్టేది కోటీ పాతిక లక్షలు. కట్టుబడి నడుస్తున్న ఫ్లాటైతే జీఎస్టీ అదనం. మరి కిరాయి ఎంతొస్తది? పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగితే గసొంటి ఫ్లాటుకు 20 వేలన్నడు. 52 వేలు కట్టి 20 వేలు తీసుకునే యాపారం ఎవడన్న చేస్తడా? చేస్తడు. రేపు ధర రెండింతలైతదన్న నమ్మకంతోటి చేస్తడు. మా మేనల్లుడు కూడ అదే నమ్మకంతోటి పొద్దు లేస్తే రేట్లే చూస్తున్నడు.

ఆ నమ్మకం ఏడికెళ్లి పుట్టింది? అసలు ముచ్చట ఇక్కడున్నది. మూడు చోట్లా ధర ఎందుకింత అని అడిగిన. ఇసుక, సిమెంటు, ఇనుము ధర ఎవ్వరూ చెప్పలే. అందరూ ప్రకటనలు చెప్పిన్రు. 2019 డిసెంబర్‌ల మూడు రాజధానుల మాట అసెంబ్లీల వినబడ్డది. విశాఖ పరిపాలనా రాజధాని అన్నరు. 2020ల చట్టం చేసిన్రు. 2021 నవంబర్‌ల ఆ చట్టాన్ని వాళ్లే వెనుకకు తీసుకున్నరు. 2023 జనవరిల విశాఖే రాజధాని కాబోతున్నదని ఢిల్లీల మళ్లా చెప్పిన్రు. 2024ల ప్రభుత్వం మారింది, రాజధాని తిరిగి అమరావతి అయింది. భోగాపురం విమానాశ్రయానికి 2019ల ఒకసారి, 2023ల ఇంకోసారి శంకుస్థాపన అయింది. 2025 అక్టోబర్‌ల గూగుల్ డేటా కేంద్రం ప్రకటన వచ్చింది. ప్రకటన మారుతది గాని, అమ్మేటోని నోట ధర మాత్రం దిగది.

ప్రకటనకు ముందు కొన్నోడు లాభపడతడు. ప్రకటనను పేపర్ల చదివి కొన్నోడు ఆ లాభాన్ని కడతడు. ముందు కొన్నోనికి ముందే ఎట్ల తెలుస్తదో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. సైబర్ టవర్స్ నాటినుంచి, ఔటర్ రింగ్ రోడ్డు నాటినుంచి రంగారెడ్డి జిల్లా రైతు ఇది అనుభవించిండు. మ్యాపు ఎవరి చేతుల ముందు పడితే భూమి వాళ్లదైంది. 2014ల రాష్ట్రం వచ్చినంక కూడ ఈ యాపారం ఆగలే. 2023 ఆగస్టుల కోకాపేట వేలంల ఎకరం వంద కోట్లు దాటింది. గసొంటి భూములు దున్నినోళ్ల బిడ్డలు అపార్ట్‌మెంట్ల గేట్ల కాడ సలాం కొట్టుడు మనం కండ్లార చూసినం.

విశాఖల ఆ జాగల ఎవరున్నరు? సాయంత్రం ఒడ్డుకు దిగితే తెలిసింది. జాలర్ల ఊరి కాడ ఒక ముసలమ్మ ఇసుకల పట్టా పరిచి చేపలు ఎండబెడుతున్నది. "ఏటి బాబూ, అపార్ట్‌మెంట్ కొంతారా?" అని తనే అడిగింది. చూడవచ్చినమని చెప్పిన. "మీరు చూసుకోడానికి సముద్రం. మేం బతకడానికి. గోడలు కట్టేస్తన్నారు, తెప్ప ఎక్కడెట్టుకోవాల?" అన్నది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక వేట నిషేధం. ఆ 61 దినాలు మోటారు పడవ కదలదు. మిగిలిన దినాలకు వాళ్లకు కావలసింది ఒడ్డు మీద ఇంత ఇసుక, తెప్ప దింపుకునేటంత తొవ్వ. సర్కారు మారితే, కంపెనీ మారితే ధర మారే భూమి వాళ్లకు అక్కరలేదు. మాట్లాడే యాస మారింది గాని, ఈ కథ మనం విన్నదే. ఉత్తరాంధ్ర మనిషిని పక్కకు జరిపి ఉత్తరాంధ్ర సముద్రాన్ని అమ్ముతున్నరు.

ఇది జాలర్ల గోస ఒక్కటే అనుకోవద్దు. కొన్నోనికి కూడ ఇది ఆపదే. అధిక పోటు గీత నుంచి 500 మీటర్ల దాక తీర నియంత్రణ నిబంధనలుంటయి. కొచ్చిల మరడు కాడ కాయలు ఒడ్డున నాలుగు భవన సముదాయాలు కట్టిన్రు. పంచాయతీ అనుమతి కాయితాలున్నయి. అయినా నిబంధనలకు విరుద్ధమని 2019 మే 8న సుప్రీంకోర్టు కూల్చుమన్నది. 2020 జనవరి 11, 12 తేదీల్ల మందుపాతరలు పెట్టి కూల్చిన్రు. 300కు పైగా కుటుంబాల ఇండ్లు సెకండ్లల్ల దుమ్మయినయి. 2024ల హైదరాబాదుల హైడ్రా బుల్డోజర్లు చెరువు శిఖంల ఇండ్ల మీదికి వచ్చినప్పుడు కూడ ఏడ్చింది కొన్నోడే. అమ్మినోడు అప్పటికి ఇంకో వెంచర్ల ఉన్నడు.

ఉప్పుగాలి సంగతి ఇంకోటి. ఉప్పు కాంక్రీటుల దిగితే లోపలి ఇనుప కడ్డీ తుప్పు పడతది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగ ఊడగొడతది. అందుకే తీరంల కడ్డీ మీద కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలని ఐఎస్ 456 చెప్తది. మామూలు జాగల 20 చాలు. మూడు చోట్లా ఈ ముచ్చట అడిగిన. ఒక్కరు కూడ జవాబు చెప్పలే. స్విమ్మింగ్ పూల్ పొడవు మాత్రం చెప్పిన్రు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇదే ఒడ్డును ఢీకొన్నది. ఆ మాట ఏ బ్రోచర్ల లేదు.

అందుకే ఉద్యోగ మిత్రులకు, నౌకరీల చేరంగనే లోన్ కోసం తిరిగే పిల్లలకు ఒక మాట. ఇల్లు కొనుడు తప్పు కాదు. తల దాచుకునే ఇల్లు కొనుండ్రి. రెరా నంబరు చూడుండ్రి. రిజిస్టర్ అగ్రిమెంట్ లేకుండ ధరల పది శాతం మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు, గుర్తుంచుకోండ్రి. తీర నియంత్రణ అనుమతి కాయితం చేతికి తీసుకొని ఒక వకీలుకు చూపెట్టుండ్రి. కానీ ఎవడో చేసిన ప్రకటనకు మీ 20 ఏండ్ల జీతాన్ని పందెం కాయకుండ్రి.

సర్కార్లను అడగాల్సింది వేరే ఉన్నది. రాజధాని, విమానాశ్రయం, కంపెనీ, ఏది ప్రకటించినా ఆ చుట్టూ అంతకు ముందు రెండేండ్లల్ల భూములు ఎవరు కొన్నరో పేర్లు బయట పెట్టాలె. జాలర్ల తొవ్వ మూసే గోడకు అనుమతి ఇవ్వొద్దు. ఇది విశాఖకైనా న్యాయమే, కోకాపేటకైనా న్యాయమే.

తిరుగు ప్రయాణం నాడు స్టేషన్ల మేనల్లుడు అన్నడు: "మామా, అగ్రిమెంట్ల రాసిస్తరా అని నువ్వు అడిగినప్పుడు వాడు నవ్విండు గదా, ఆ నవ్వు నాకు నచ్చలే." ఫ్లాటు తీసుకోలే. ఆఫీసుకు దగ్గర కిరాయి ఇంట్లనే ఉంటున్నడు. ఆదివారాలు ఒడ్డుకు పోతడట. సముద్రం చూస్తందుకు ఇప్పటికైతే ఎవరికీ పైసలు కట్టాల్సిన పని లేదు.