వేగానికీ ఓ చోటుంది

మిర్చి సీజన్లో సత్తెనపల్లి–గుంటూరు రోడ్డు చూశారా? టిక్కీలెత్తిన లారీలు, ట్రాక్టర్లు, వాటి సందుల్లోంచి దూసుకుపోయే కుర్రాళ్ళు! వాడు ఇల్లు చేరేదాకా తల్లి ప్రాణం గుమ్మంలోనే ఉంటుంది.

వద్దంటే వినే వయసా అది? ఆ సరదాకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది. ‘ట్రాక్ డే’ అంటే పందెం కాదు. ఎదురొచ్చే బండి ఉండదు, గేదె అడ్డం రాదు. హెల్మెట్, ఒంటికి తోలు సూటు ఉండాల్సిందే. ముందు తొడుగు లేని ‘నేకెడ్’ బైకు మీద గాలి నేరుగా గుండెకి కొడుతుంది. ఎంత వేగమో ఒళ్ళే చెబుతుంది. ఖర్చంటారా? ఆస్పత్రి ఖర్చు ముందు ఎంతని!

మరి అమ్మాయిలో? 2019లో బెంగళూరు అమ్మాయి ఐశ్వర్య పిస్సే మోటార్ సైకిల్ బాజా ప్రపంచ కప్పు మహిళల విభాగంలో గెలిచింది. కొడుక్కి బండి, కూతురికి భయం పంచిపెట్టడం ఇక మానేద్దాం. ‘‘బండెందుకు?’’ అనే బదులు ‘‘ఎక్కడ నడుపుతావు?’’ అని ఇద్దర్నీ అడుగుదాం.