గూడబాతుకు గూడు నిలవాలంటే కెమెరా గట్టు మీదే ఆగాలి

దొరవారిసత్రం: నేలపట్టు చెరువులో నీరు నిలిస్తే గూడబాతులు దిగుతాయి. వాటి వెనుకనే కెమెరాలూ దిగుతాయి. ఒకప్పుడు ఫోటో తీయాలంటే పట్నం నుంచి పెద్ద కెమెరా రావాలి. నేడు ప్రతివారి జేబులోనూ ఫోనుంది. చూడవద్దని ఎవరూ అనరు. ఎంత దగ్గరకు పోవాలన్నదే తగువు.

చెరువులోని కడప చెట్లపై గుడ్లు పెట్టి పొదగడానికి వీటికి సుమారు నెల పడుతుంది. పుట్టిన పిల్లకు ఈకలుండవు. మనిషి అలికిడికి తల్లి లేచిపోయిందా, గుడ్డు కాకుల పాలు, పిల్ల ఎండ పాలు. ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టి అదిలించేవారికి ఇది పట్టదు. వాచ్ టవర్ కట్టింది అలంకారానికి కాదు.

ఇవి సైబీరియా పక్షులన్న ప్రచారం వట్టిది. గూడబాతు మన దేశపుదే. పులికాట్‌లో చేపలు పట్టి ఇక్కడ పిల్లలను సాకుతుంది. దాని రెట్టలు కలిసిన నీరు పొలానికి ఎరువని ఆయకట్టు రైతులకు తెలుసు.

1976 నుంచి ఇది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ ప్రకారం లోపల ఫోటోలకు అనుమతి కావాలి. పక్షులకు, వాటి ఆవాసానికి హాని జరగరాదు. 2025లో ఫ్లెమింగో పండుగ జనవరి 18 నుంచి 20 వరకు జరిగింది. అది సరిగ్గా గూళ్ళ కాలమే! జనాన్ని పిలిచినప్పుడు గట్టు దాటనివ్వని కాపలా కూడా ఉండాలి. ఆ పని, బైనాక్యులర్‌తో పక్షులను చూపించే పని ఊరి యువకులకే అప్పగిస్తే వారికీ నాలుగు రూపాయలు దక్కుతాయి.