బాహుదా ఇసుక, సముద్రపు తాబేలు

సముద్రాన్ని కాపాడాలని ఎవరైనా అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు అది వేరెవరికో చెప్పిన మాటలా వినిపిస్తుంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మన పిల్లల్లో చాలామంది సముద్రాన్ని పాఠ్యపుస్తకంలో బొమ్మగానే చూశారు. సంతలో ఎండుచేపలు కొనడం తప్ప సముద్రంతో మనకు లావాదేవీ ఏమీ లేదనుకుంటాం. ఈ అభిప్రాయం సరికాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా తీరంలో ఏం జరుగుతోందో చూద్దాం. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరానికి వందలాది సముద్రపు తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఇవి ఆలివ్ రిడ్లే జాతి తాబేళ్లు. ఏటా చలికాలంలో ఇవి గుడ్లు పెట్టడానికి బంగాళాఖాతం తీరానికి వస్తాయి. తమిళనాడు, నెల్లూరు, కాకినాడ తీరాలు దాటి ఎక్కువ భాగం ఒడిశాకు చేరతాయి. కొన్ని మన తీరంలోనే గుడ్లు పెడతాయి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వీటికి చోటుంది. అంటే చట్టం దృష్టిలో పులికి ఎంత రక్షణో వీటికీ అంతే.

ఒడిశాలోని రుషికుల్య తీరంలో 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి కదా, ఇక భయమెందుకని కొందరు అడుగుతారు. ఒక్కో తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది. వాటిలో పెరిగి పెద్దదయ్యేది వెయ్యికి ఒకటి ఉంటే గొప్ప. కాబట్టి గుడ్లు పెట్టే వయసుకు వచ్చిన ఒక్క తాబేలు చావడమంటే ఎన్నో ఏళ్ల సంపాదన ఒక్క రోజులో పోవడమే.

తాబేలు నీటిలో బతికినా ఊపిరి పీల్చేది గాలినే. కొద్ది కొద్ది సేపటికి అది పైకి రావాలి. మరపడవలు గంటల తరబడి లాగే ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. దీనికి విరుగుడు ఉంది. వల మధ్యలో ఇనుప కడ్డీల చట్రం ఒకటి అమరుస్తారు. చేపలు, రొయ్యలు కడ్డీల సందులోంచి వల చివరికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు దీన్ని తయారుచేసింది. అయినా పడవలవారు వాడడం లేదు. తలుపులోంచి తాబేలుతో పాటు కొంత చేప కూడా పోతుందన్నది వారి బాధ. అప్పుచేసి డీజిలు పోయించుకున్న మనిషి బాధను తేలికగా కొట్టిపారేయలేం. కానీ చట్రం పెట్టనందువల్ల 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతిని అమెరికా నిలిపివేసింది. చేప కొంచెం పోతుందని భయపడినవారికి బజారే పోయింది. ఆ కొంచెం నష్టాన్ని మొదటే ప్రభుత్వం భరించి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇదంతా తీరంవారి గొడవ కదా, మనకేమిటి అంటారా? హనఫీ మస్లక్ వారమైన మనం సముద్ర జీవుల్లో చేప తప్ప మరొకటి తినం. రొయ్య సంగతిలోనే ఆలిమ్‌ల మధ్య చర్చ ఉంది. తాబేలు జోలికే పోము. నిజమే. అయితే తినకపోవడం వేరు, హాని చేయకపోవడం వేరు.

మదనపల్లె గుండా పారే బాహుదా నది పింఛాతో కలిసి చెయ్యేరు అవుతుంది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. ఇది భూగోళం పాఠం మాత్రమే కాదు. 2021 నవంబరులో మన కొండల మీద కురిసిన వాన రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్టనే తెంచుకుపోయింది. ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. మన వంకలో నీళ్లు ఎంత దూరం పోగలవో ఆనాడు అందరం చూశాం.

ఆ నీటితో పాటు సముద్రానికి చేరవలసింది ఒకటి ఉంది, ఇసుక. తీరంలోని ఇసుక ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొండలు అరిగి, నదులు మోసి, వేల ఏళ్లుగా పోగైన సొత్తు అది. అలలు దాన్ని ప్రతిరోజూ కొంత తీసుకుపోతాయి, నదులు ఆ లోటును పూడుస్తాయి. తాబేలు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. సుమారు 50 రోజులు గుడ్లను పొదిగేదీ ఆ ఇసుక వేడే. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు తీరం కోసుకుపోవడానికి పైన కట్టిన ఆనకట్టలు ఒండ్రును ఆపడం ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లు, రోడ్లు కడలిపాలవుతున్నాయి. ఒక్క బాహుదా ఇసుకతోనే నెల్లూరు తీరం నిలుస్తుందని ఎవరూ అనరు. కానీ ఆనకట్టలు ఆపినది పోగా మిగిలిన దాన్ని ప్రతి ఊరూ లారీలకు ఎత్తుకుంటే తీరానికి చేరేదేమిటి? ఇసుక తోడిన వాగు పక్కన బావులు ఎండుతాయని మన రైతులకు తెలుసు. ఆ నష్టం బావి దగ్గరే ఆగదన్నది వారికి ఎవరూ చెప్పలేదు.

పోవలసింది ఇలా ఆపుతున్నాం. పోకూడనిది పంపుతున్నాం. ఊరి మురుగు, ప్లాస్టిక్ కవర్లు, వలీమా విందుల్లో వాడిపడేసిన గ్లాసులు, ప్లేట్లు వంకల్లోకి చేరుతున్నాయి. ఎండాకాలమంతా అక్కడే పడి ఉంటాయి కనుక వాటి సంగతి మరచిపోతాం. ఒక్క పెద్ద వాన వస్తే కదులుతాయి. తాబేళ్ల ఆహారంలో జెల్లీ చేపలు కూడా ఉన్నాయి. నీటిలో తేలే పల్చటి కవరు అచ్చం అలాగే కనబడుతుంది. మింగిన కవరు అరగదు, బయటికీ రాదు. ఇక్కడ మరో సంగతి గమనించాలి. జెల్లీ చేపలు చేపల గుడ్లను, పిల్లలను తినేస్తాయి. తాబేళ్లు తగ్గితే ఆ నష్టం తిరిగి తిరిగి మత్స్యకారుడి వలకే వస్తుంది.

కుప్పం వారి దారి వేరు. అక్కడి పాలారు మొత్తం 348 కిలోమీటర్ల పొడవులో 33 కిలోమీటర్లే మన రాష్ట్రంలో పారి, వాణియంబాడి, ఆంబూరుల మీదుగా వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ రెండు ఊళ్లూ తోళ్ల శుద్ధికి పేరుపడ్డవి. బక్రీద్‌కు మనం మదరసాలకు ఇచ్చే తోళ్లు చివరకు చేరేది ఇలాంటి ఊళ్లకే. ఆ కర్మాగారాల నీటి నుంచి పాలారును కాపాడాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. కాలుష్యం చేసినవారే దాని ఖర్చు భరించాలని అందులో స్పష్టం చేసింది. 2025 జనవరి 30న అదే నది గురించి మళ్లీ తీర్పివ్వవలసి వచ్చింది. ఆ పనిలో వేలాది కుటుంబాలకు, మనవారికి కూడా, బతుకుదెరువు ఉంది. మూసేయాలని ఎవరూ కోరరు. శుద్ధిచేసిన నీటినే వదలాలని కొనేవారు, అమ్మేవారు, తోళ్లు ఇచ్చే సంస్థలు కలిసి అడగవచ్చు.

ఒక జాతి పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు పుంగనూరు వారు జవాబు చెప్పగలరు. మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు ఒకప్పుడు ఇంటింటా ఉండేది. అది మామూలు ఆవేనని ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు కనుమరుగయ్యాక పలమనేరు పశు పరిశోధన కేంద్రం పూనుకొని నిలబెట్టింది. ఆ ఆవును కొట్టంలో కట్టి పెంచగలిగాం. తాబేలును అలా కట్టి పెంచలేం. దాని సముద్రాన్ని, దాని ఇసుకను బాగా ఉంచడమొక్కటే మార్గం.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. షాదీఖానాల కమిటీలు వాడిపడేసే ప్లాస్టిక్‌ను తమ ఆవరణలోకి రానివ్వకుండా తీర్మానం చేయవచ్చు. మసీదుల నిర్మాణానికి రసీదు లేని వాగు ఇసుక కొనమని, రాతి ఇసుక వాడతామని ముతవల్లీలు నిర్ణయించవచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేటను ఆపుతారు. ఆ 61 రోజులు చెరువు చేపతో సరిపెట్టుకోవచ్చు. వాగుల్లో మురుగు కలపవద్దని మునిసిపాలిటీని, వలల్లో తాబేలు చట్రాలకు సొమ్ము ఇమ్మని ప్రభుత్వాన్ని అడగవచ్చు. ఓట్లు అడగడానికి నాయకులు మన వీధికి వచ్చినప్పుడు ఈ మాట కూడా వారి చెవిన వేయాలి.

నది ఒడ్డున కూర్చున్నా వుజూకు నీళ్లు వృథా చేయవద్దని మనకు చిన్ననాడే నేర్పారు. నది నిండుగా ఉన్నా ఆ నీరు మనది కాదు గనుకే ఆ మాట. అది మన ఊరి గుండా పోతున్న అమానత్. కింది ఊళ్లకు, చివరికి సముద్రానికి, మనకు అందినట్టే అందాలి.