కారే చోటు, కనబడే చోటు

తెలుగులో కారడానికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? చెమర్చడం వేరు, వూరడం వేరు, ఓడడం వేరు, కారడం వేరు. కొత్త కుండ చెమర్చుతుంది. నీళ్లు చల్లబడతాయి గనుక మనకు సంతోషమే. చెలమలో నీరు వూరుతుంది, దానికీ సంతోషమే. ఓటికుండ ఓడుతుంది, ఇంటిచూరు కారుతుంది. ఈ రెండింటినీ మాత్రం తిట్టుకుంటాం.

ఈ తేడాలు నిఘంటువు ముఖం చూడని మెకానిక్కులకు మనకంటే బాగా తెలుసు. పాత పికప్పు వ్యానుకింద దూరి, గేర్ బాక్సు అడుగున వేలు రాసి చూసి, "చెమ్మే లెండి" అన్నాడంటే తుడిచి కనిపెట్టుకుని వుండమని అర్థం. "బొట్లు పడతా వుంది" అంటే వెతకాలని అర్థం. "ధార కట్టింది" అంటే బండి కదల్చవద్దని అర్థం. రోగమూ, వైద్యమూ ఒక్క మాటలోనే వచ్చాయన్నమాట.

గేర్ ఆయిలు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇంజను ఆయిలు కొంత కాలిపోతుంది. తగ్గితే పోయడం మనకు అలవాటే. గేర్ బాక్సులో ఆయిలు కాలేది కాదు, ఖర్చయ్యేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడినుంచో బయటికి పోయిందనే. చిన్న పికప్పులో అది సుమారు రెండు లీటర్లే వుంటుంది. అందులో లీటరు పోయినా డ్రైవరు ఎదుట దీపం వెలగదు, గంట మోగదు. మోత వినిపించేసరికి గేర్ల పళ్లు, బేరింగులు అరగడం మొదలై వుంటుంది. సీలు ఖరీదు వందల్లో వుంటే, గేర్ బాక్సు బాగుచేయించడం వేలల్లో వుంటుంది.

మా మేనల్లుడికి 2008 నాటి పికప్పు ఒకటి వుంది. పల్లెల్లో టమాటా పెట్టెలు ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్టుకు చేర్చడం వాడి వృత్తి. టమాటా సంగతి మీకు తెలియనిదేముంది? అది ఎవరికోసమూ ఆగదు. బండి ఒకరోజు పడుకుంటే రైతుకు సరుకు పోతుంది, వీడికి బాడుగ పోతుంది. రెండుసార్లు అలా జరిగితే ఆ రైతు ఇంకో బండి చూసుకుంటాడు. అలాంటి బండికి గేర్ బాక్సు వెనకనుంచి ఆయిలు కారడం మొదలైంది. ఒక షెడ్డులో సీలు మార్చారు. నెల తిరక్కుండా మళ్లీ కారింది. మళ్లీ మార్చారు, మళ్లీ కారింది. చివరికి వాడు ఆయిలు డబ్బా సీటుకింద పెట్టుకు తిరగడం మొదలుపెట్టాడు.

ఒక బ్రోకరు మంచి సలహా ఇచ్చాడు. "కిందంతా శుభ్రంగా కడిగించు, ఆయిలు నిండా పోయించు, ఆ సాయంత్రమే బేరం చూపించు. మూడు రోజులదాకా ఎవడికీ తెలియదు" అని. సలహా అబద్ధం కాదు. నిజంగానే మూడు రోజులదాకా తెలియదు. మావాడు రెండు రాత్రులు ఆలోచించి, "మామా, కొనేవాడు కూడా నా మాదిరి టమాటాలు తోలేవాడే గదా!" అన్నాడు. అక్కడితో ఆ బేరం ముగిసింది. ఇక బండిని బాగుచేయించక తప్పలేదు.

బండిని ఈసారి ఒక పెద్దవయసు మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వెంటనే పానా పట్టుకోలేదు. ముందు కిరోసిన్‌తో గేర్ బాక్సంతా కడిగించాడు, గుడ్డతో తుడిపించాడు, ఆరిన తరువాత ముఖానికి వేసుకునే పౌడరు అంతటా చల్లించాడు! నేను నవ్వితే, "సార్, ఆయిలు కారేది ఒక తావు, మనకు కనపడేది ఇంకో తావు" అన్నాడు. బండి పరుగులో గాలి ఆయిలును వెనక్కి తోస్తుంది. అది అంచులు పట్టుకుని జారి, ఎక్కడో అడుగున బొట్టుగా వేలాడుతుంది. బొట్టు పడే చోటును పట్టుకుని మరమ్మతు చేస్తే, కన్నీళ్లు గడ్డంమీద వున్నాయని గడ్డానికి మందు రాసినట్టే. పౌడరు చల్లితే ఆయిలు తొలిసారి బయటపడ్డ చోటునుంచి తడిగీత స్పష్టంగా కనబడుతుంది.

కారేది ఏ ఆయిలో కూడా ముందు తెలుసుకోవాలి. ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్యనుంచి బొట్టు పడితే అది రెండింటిలో దేనిదైనా కావచ్చు. వాడిన ఇంజను ఆయిలు నల్లగా వుంటుంది. గేర్ ఆయిలు చిక్కగా, గంధకం కలిసిన ఘాటైన వాసన వేస్తుంది. ఒకసారి చూసిన ముక్కు మరిచిపోదు. అమెరికాలో ఎక్కువగా కనబడే ఆటోమేటిక్ పికప్పుల్లో పోసేది పలచటి ఎర్ర ద్రవం. అక్కడ ఇంజను బలాన్ని గేర్లకు అందించడంలో ఆ ద్రవానికే పెద్దపాత్ర గనుక, కొద్దిగా తగ్గినా బండి లాగడంలో తేడా వస్తుంది.

పది మైళ్లు తిప్పి తెచ్చి చూస్తే, తడిగీత వెనక సీలు దగ్గరే మొదలైంది. అయితే ముందు మెకానిక్కులు మార్చిందీ ఆ సీలే గదా? అప్పుడు పెద్దాయన గేర్ బాక్సు పైభాగాన చేయిపెట్టి తడిమి, బొటనవేలంత మూత ఒకటి చూపించాడు. దాన్ని బ్రీదరు అంటారు. పేరుకు తగ్గట్టు గేర్ బాక్సు ముక్కు అది. బండి నడిచేకొద్దీ లోపల వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బ్రీదరుగుండా పోవాలి. మావాడి బండికి ఆ రంధ్రం పొలాల బురదతో బిగుసుకుపోయి వుంది. "రెండు సీళ్లు మార్చినారంట. సీలు ఏం తప్పు చేసింది సార్? లోపల గాలికి దారి లేకుంటే అది యాడికి పోవల్ల?" అన్నాడు. అది సీలు పెదవిని తోసుకుని, ఆయిలును వెంటబెట్టుకుని పోయిందన్నమాట.

ఇంకొక కారణం కూడా దొరికింది. ప్రొపెల్లరు షాఫ్టు గేర్ బాక్సులో దూరే చోట నున్నటి వుక్కు గొట్టం వుంటుంది. ఏళ్ల తరబడి సీలు పెదవి ఒరుసుకుని దానిమీద సన్నటి గాడి పడింది. గోరు అడ్డంగా లాగితే తగులుకున్నది. ఆ గాడిమీదే కొత్త సీలు కూర్చుంటే కొత్తదానికీ పాత గతే. దానికి పలచటి వుక్కు తొడుగు వేయించారు.

ఇక పని వరుస చెబుతాను. బండి సమనేలమీద వుండాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు, గట్టి స్టాండ్లు పెట్టాలి. ఆయిలు దించేముందు పోసే బిరడా వూడుతుందో లేదో చూడాలి. దించాక అది బిగుసుకుని రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. షాఫ్టు విప్పేముందు రంగుతో గుర్తుపెట్టి, మళ్లీ అదే తీరున బిగించాలి. లేకపోతే అదురు పుట్టవచ్చు. కొత్త సీలు స్ప్రింగు వున్న పక్క ఆయిలువైపు వుండాలి. పెదవికి కాస్త ఆయిలు రాసి, చుట్టూ సమంగా తట్టుతూ కూర్చోబెట్టాలి. ఆయిలు పోసే రంధ్రం అంచుదాకా వస్తే చాలు. ఎక్కువ పోస్తే అదీ కారుతుంది. ఏ ఆయిలో బండి పుస్తకంలో చూసి పోయాలి. చిక్కగా వుంటే కారదనే ఆశతో మరొకటి పోస్తే చలిపూట గేర్లు మొరాయిస్తాయి. దించిన పాత ఆయిలును మురిక్కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవాళ్లకు ఇవ్వాలి.

మరమ్మతు అయ్యాక మావాడు మూడు రాత్రులు బండికింద వార్తాపత్రిక పరిచాడు. మూడు ఉదయాలూ అది పొడిగానే వుంది. సీటుకింది డబ్బాను ఇంటికి చేర్చాడు.

తోలుతో చేసిన సీళ్ల కాలం పోయి రబ్బరు సీళ్లు వచ్చాయి. రేపు మరొకటి వస్తుంది. ఏది వచ్చినా రబ్బరు ముక్క మోయగలిగిన బరువుకు ఒక హద్దు వుంటుంది. ఒకేచోట రెండుసార్లు సీలు పోయిందంటే మూడో సీలు కొనేముందు, దానిమీద బరువు వేస్తున్నదెవరో కనుక్కోవాలి. మీ ఇంట పాత బండి వుంటే ఈ రాత్రి దానికింద ఒక అట్టముక్క పరిచి చూడండి. తెల్లవారి దానిమీద బొట్టు కనబడితే తుడవకండి. రంగు చూడండి, వాసన చూడండి, ఆ తరువాత తల పైకెత్తి చూడండి.