ఉచిత ఆర్కెస్ట్రా శిక్షణ: సాధన కన్నా ముందు చూడాల్సింది వీసా!

అమెరికాలో ఉంటున్న మీ పిల్లలు వయొలిన్ బాగా వాయిస్తారా? అయితే న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ వేసవిలో నడిపే నేషనల్ యూత్ ఆర్కెస్ట్రా గురించి తెలుసుకోండి. 2013లో మొదలైన ఈ కార్యక్రమంలో ఎంపికైతే శిక్షణ, బస, భోజనం, ప్రయాణం అన్నీ ఉచితమే.

ఎవరి కోసం?

16 నుంచి 19 ఏళ్ల వారి కోసం. 14-17 ఏళ్ల వారికి ఎన్‌వైఓ2 అనే మరో బృందం ఉంది. కాలేజీలో వాద్య సంగీతమే ప్రధాన సబ్జెక్టుగా ఫుల్‌టైమ్ చదివేవారిని ప్రధాన బృందంలోకి తీసుకోరు.

ఎంపిక ఎలా?

వాయిస్తూ తీసిన వీడియోలు పంపాలి. సోలోతో పాటు నిర్వాహకులు సూచించిన ఆర్కెస్ట్రా భాగాలూ వాయించాలి. కర్ణాటక వయొలిన్ మాత్రమే నేర్చుకున్న పిల్లలకు ఇది కష్టం. ఇక్కడ గమకాలు, మనోధర్మం కుదరవు. స్వరలిపిలో ఎలా ఉంటే అలాగే వాయించాలి.

చిక్కు ఎక్కడ?

అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉండాలన్న షరతు మొదటి ఏడాదే పెట్టారు. దేశం పేరుతో విదేశాలకు వెళ్లే బృందం ఇది. 2013లోనే మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్, లండన్‌లలో కచేరీలు చేసింది. ఆ షరతు ప్రకారం హెచ్-4 వీసాపై ఉన్న పిల్లలు అక్కడే పెరిగినా దరఖాస్తు చేయలేరు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వేచి చూస్తున్న తెలుగు కుటుంబాలకు అసలు అడ్డంకి ఇదే.

ఏం చేయాలి?

నెలల తరబడి సాధన చేయించే ముందే ఈ ఏడాది అర్హత నిబంధనలు చదవండి. వయసును ఏ తేదీకి లెక్కిస్తారో చూడండి. అర్హత లేదని తేలితే మీ ఊళ్లోని యూత్ ఆర్కెస్ట్రాను అడగండి. దాని నిబంధనలు వేరుగా ఉండొచ్చు. పిల్లల ఆశ చివరి నిమిషంలో నీరుగారకుండా ఉంటుంది.